కొమ్మన్న పెట్టిన షరతులు

ఎర్రగట్టు మీద పాడుబడిన కళ్లం ఒకటుంది. బావి ఎండిపోయి పట్నం వెళ్ళిపోయిన రైతు, తన ఎద్దును అమ్మడానికి మనసొప్పక పలుపు విప్పి వదిలేశాడు. ఆ ఎద్దు పేరు కొమ్మన్న. రెండు గడ్డివాములు, ఎర్రజొన్నలు నిండిన గాదె దానికే మిగిలాయి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేసిన ఆ ప్రాంతంలో అంత తిండి ఉన్న జంతువు ఇంకొకటి లేదు.

కొమ్మన్న చెడ్డవాడు కాడు, పిసినారీ కాడు. పదిమందికీ పెట్టాలనే ఉండేది. కాకపోతే తనను ఎవరైనా మోసం చేస్తే నలుగురూ నవ్వుతారని చచ్చేంత భయం. ఆ భయాన్ని పసిగట్టినవాడు నక్క దాసప్ప. రోజూ కళ్లానికి వచ్చి, ఎక్కడ ఎవరు ఎవరిని ముంచారో కథలు కథలుగా చెప్పేవాడు. "నీలాంటి మెత్తని మనసున్నవాళ్ళనే వెతుక్కుంటూ వస్తారన్నా" అని ముగించేవాడు. కొమ్మన్న నెమరు వెయ్యడం ఆపి మరీ వినేవాడు.

గట్టు కింద, వాగు పక్కన పాత ఇటుకబట్టీ ఒకటుంది. అందులో మేక పోలమ్మ ఉండేది. ఉచ్చులో పడి తప్పించుకున్నవాళ్ళు, కుక్కలు కరిచినవాళ్ళు, కాళ్ళు విరిగినవాళ్ళు అందరూ అక్కడికే చేరేవాళ్ళు. పోలమ్మ ఆకులు నమిలి గాయాల మీద పెట్టేది. రెండు గోరింకలు పుండ్లలో పురుగులు ఏరేవి. ఎన్నేళ్ళుగా చేస్తున్నారో, ఎంతమంది లేచి నడిచి వెళ్ళారో వాళ్ళు ఏనాడూ లెక్క పెట్టుకోలేదు. వాగు గట్టున గడ్డి ఉన్నన్నాళ్ళూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. ఆ ఏడాది గడ్డి మాడిపోయింది.

పోలమ్మ ఒకరోజు పొద్దున్నే గట్టు ఎక్కింది. కళ్లం దగ్గరికి వచ్చి చాలాసేపు తలెత్తలేదు. ఒకరిని అడగడం దానికి అలవాటు లేని పని.

"కొమ్మన్నా, బట్టీలో ఏడుగురున్నారు. పచ్చి పరక దొరకడం లేదు. వానలు పడేదాకా కాస్త గడ్డి, కాసిని జొన్నలు ఇస్తావేమోనని..." అంది.

"దానికేముంది పోలమ్మా! కావలసినంత..." అని కొమ్మన్న అనబోతుండగా పక్కనే కూర్చున్న దాసప్ప దగ్గాడు.

"ఇవ్వు అన్నా, నేను కాదనను. కానీ ఏడుగురున్నారని ఈమె అంటోంది. నువ్వు చూశావా? చూడకుండా ఇస్తే రేపు ఊరంతా ఏమనుకుంటుంది?"

కొమ్మన్న చెవులు వాలిపోయాయి. "మరేం చెయ్యమంటావ్?"

"ప్రతి మంగళవారం మనుషులంతా సంతకు పోతారు గదా. ఆ రోజు రోగులను ఇక్కడికి తీసుకొచ్చి చూపించమను. గాయం చూసిన తర్వాతే గడ్డి. ఇంకోటి, నీ గడ్డి రోగులకే. ఈమె, ఆ గోరింకలు ముట్టుకోకూడదు. సేవ చేస్తామనేవాళ్ళు తినడం మొదలుపెడితే రోగులకు ఏం మిగులుతుంది? మూడోది, నెలలోపు నయమయ్యేవాళ్ళకే ఇవ్వాలి. నయం కానివాళ్ళకు పెడితే నీ సాయం బూడిదలో పోసినట్టే."

పోలమ్మ కొమ్మన్న మొహంలోకి చూసింది. "ఎప్పుడైనా దిగి వచ్చి చూడు అన్నా. నీకు దాచేదేముంది?"

"ఎండలో పెద్దాయన దిగి రావాలా? అవసరం ఎవరిది?" అన్నాడు దాసప్ప.

కొమ్మన్నకు లోపల ఎక్కడో చివుక్కుమంది. అయినా, "పద్ధతి అంటే పద్ధతే పోలమ్మా" అన్నాడు.

ఆకలి ఏడుగురిది కాబట్టి పోలమ్మ తలూపింది.

మంగళవారం వచ్చింది. గట్టు దారంతా గులకరాళ్ళు. కుందేలు కుంటుకుంటూ, పందిపిల్ల ఆగి ఆగి మూలుగుతూ ఎక్కాయి. బరువులు మోసి మోసి వీపు పుండైపోయిన ముసలి గాడిద లింగడు అందరికన్నా వెనక వచ్చాడు. కళ్లంలో వాళ్ళను వరసగా నిలబెట్టి దాసప్ప చుట్టూ తిరిగాడు.

"కట్టు విప్పి చూపించు."

"ఇప్పుడే ఆకు పట్టింది, విప్పితే మళ్ళీ రక్తం..." అంది పోలమ్మ.

"విప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

విప్పారు. కుందేలు కళ్ళు మూసుకుంది. లింగడి వంతు వచ్చేసరికి అతను వెనక్కి తిరిగి, ఈగలు ముసిరిన వీపు అందరి ముందూ పెట్టి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి గోడవైపు వీపు పెట్టి పడుకుని దాచుకున్న పుండు అది.

దాసప్ప ముక్కు చిట్లించాడు. "ఇది పాత పుండు. నెలలో మానదు. వీడికి లేదు."

లింగడు వచ్చిన దారినే దిగిపోయాడు. కొమ్మన్న ఆ నడకను చూడలేక గడ్డివామువైపు తిరిగాడు.

అలా మంగళవారాలు గడిచాయి. ఎక్కడానికి ఒక పూట, దిగడానికి ఒక పూట, ఊడిన కట్లు మళ్ళీ కట్టడానికి మరో రెండు రోజులు. మానవలసిన గాయాలు మానడం లేదు. "చూశావా? నీ గడ్డి తింటున్నారు, నయం మాత్రం కావడం లేదు" అనేవాడు దాసప్ప. పోలమ్మ డొక్కలు లోపలికి పోయాయి. లింగడికి వాటా లేదు కాబట్టి, బట్టీ గోడల మీద మొలిచిన ఎండు మొక్కలు పీకి అతనికి సగం పెట్టి తను సగం తినేది.

ఒకరోజు దాసప్ప మెల్లగా అన్నాడు. "అన్నా, నువ్వు ఏమీ అనుకోనంటే ఒక మాట. గట్టుకు అవతల నేనూ ఒక వైద్యశాల పెట్టాను. నీ దయ చూసే నాకూ బుద్ధి పుట్టింది. నీ షరతులన్నీ పాటిస్తాను."

తర్వాత మంగళవారం మూడు నక్కలను తెచ్చాడు. ఒంటినిండా ఎర్రమన్ను, ఆకులు. మూలుగులతో కళ్లం అదిరిపోయింది.

"అందరూ మీవాళ్ళేనా?" అన్నాడు కొమ్మన్న.

"పరాయివాళ్ళను తెస్తే నిజమో అబద్ధమో నీకెలా తెలుస్తుందన్నా? మావాళ్ళకైతే నేను పూచీ."

ఆ మాట కొమ్మన్నకు నచ్చింది. మరుసటి మంగళవారానికి ఆ మూడు నక్కలూ కడిగినట్టు శుభ్రంగా, గంతులు వేస్తూ వచ్చాయి. ఆ తర్వాత ఇంకో ముగ్గురు, వాళ్ళకూ వారంలోనే నయం. కొమ్మన్న ఉప్పొంగిపోయాడు. ఇన్నాళ్ళకు తన సాయం కళ్ళకు కనపడుతోంది. ఎర్రజొన్నలు సగానికి పైగా అవతలి వైద్యశాలకే తరలివెళ్ళాయి. నక్కలు జొన్నలు తింటాయా అన్న ప్రశ్న మాత్రం అతనికి తట్టలేదు.

ఆ రోజుల్లోనే రంగి బట్టీకి చేరింది. రంగి చుక్కల దుప్పి. బండల మధ్య పడి ముందు కాలు విరిగింది. పోలమ్మ ఎముక సరిచేసి వెదురు బద్దలు వేసి నారతో కట్టింది. "ఈ కాలు నేల మీద మోపకుండా నెల రోజులు పడుకుంటే, మళ్ళీ ఎప్పటిలాగే పరుగెత్తుతావు" అని చెప్పింది.

మంగళవారం పోలమ్మ ఒక్కతే గట్టు ఎక్కింది.

"అన్నా, కొత్తగా రంగి వచ్చింది. దానికి నడక పనికిరాదు. ఈసారికి నా మాట నమ్ము."

కొమ్మన్న అలవాటుగా దాసప్పవైపు చూశాడు.

"ఒక్కరికి సడలిస్తే అందరూ అదే పాట పాడతారు. అన్నా, మా వైద్యశాలలో రానని అన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?" అన్నాడు దాసప్ప.

"చూపించు పోలమ్మా. రంగిని చూపించేదాకా ఎవరికీ ఇవ్వను" అన్నాడు కొమ్మన్న.

పోలమ్మ వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. "నీకు నమ్మకం కుదరాలంటే దాని కాలు కావాలా అన్నా?" అంది. తర్వాత దిగి వెళ్ళిపోయింది.

రంగికి ఈ సంగతి తెలిసింది. తన మూలాన మిగిలినవాళ్ళకు కూడా పరక రాలేదని విని ఆగలేకపోయింది. "నెమ్మదిగా ఎక్కుతాను పోలమ్మత్తా" అని పట్టుబట్టింది. పోలమ్మ ఒక పక్క, లింగడు ఒక పక్క ఆనించి నడిపించారు. కళ్లం ఇంక పది అడుగులుందనగా గులకరాయి జారింది. రంగి పడింది. వెదురు బద్ద విరిగిన చప్పుడు ఒకటి, దాని వెంటనే ఇంకో చప్పుడు వినపడ్డాయి. రెండో చప్పుడు ఏమిటో కొమ్మన్నకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"నటన. ఇలాంటివి చాలా చూశాను" అన్నాడు దాసప్ప.

రంగి పళ్ళ మధ్య నాలుక బిగించి, కళ్ళు పెద్దవి చేసి కొమ్మన్న వైపే చూస్తోంది. "చూశారా అయ్యా? విరిగింది నిజమే" అంది.

కొమ్మన్న మోకాళ్ళ మీద వంగాడు. "ఎక్కించండి. నా వీపు మీద ఎక్కించండి" అన్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి గట్టు దిగాడు. ఆ దారిలో తన గిట్టలే నాలుగుసార్లు జారాయి. జారిన ప్రతిసారీ ఆ కుందేలు, ఆ పందిపిల్ల, ఆ ముసలి గాడిద కళ్ళముందు కదిలాయి.

బట్టీలో అడుగు పెట్టగానే తలెత్తలేకపోయాడు. తను అంతకుముందు పంపిన గడ్డిలో మిగిలిన కాస్తా రోగుల దగ్గరే పేర్చి ఉంది, ఒక్క పరక కూడా పక్కకు పోలేదు. పోలమ్మ పడుకునే మూల కొరికిన ఎండు కాడలు తప్ప ఏమీ లేవు.

"నువ్వు తినడం లేదా?" అన్నాడు.

"తినొద్దన్నావు గదా" అంది పోలమ్మ, రంగి కాలు సరిచేస్తూనే.

ఒక మూల రెక్క చీలిన కౌజుపిట్ట ఒకటి వణుకుతూ కూర్చుంది. కొమ్మన్నను చూసి ముడుచుకుపోయింది.

"ఏమైందమ్మా నీకు?"

"గట్టుకు అవతల ఎర్రజొన్నలు చల్లి ఉంటే ఏరుకుందామని దిగాం. నక్కలు గడ్డిలో దాక్కుని ఉన్నాయి. మా గుంపులో నేనొక్కదాన్నే మిగిలాను." అది మళ్ళీ, "అంత మంచి జొన్నలు మీ గాదెలో తప్ప ఎక్కడున్నాయయ్యా?" అంది.

ఎవరూ కొమ్మన్నను తప్పుపట్టలేదు. అతనికి అదే భరించరానిదైంది.

తిన్నగా గట్టుకు అవతలికి వెళ్ళాడు. తన గడ్డి మెత్తగా పరిచి ఉంది. తన జొన్నలు చల్లి ఉన్నాయి. చుట్టూ ఈకలు, బూడిదరంగువి, గోధుమరంగువి, చిన్న చిన్నవి. ఈకల మధ్య పడుకున్న దాసప్ప లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

"ఇదేనా నీ వైద్యశాల?" అడిగాడు కొమ్మన్న.

"నా మీదెందుకన్నా కోపం? చూపించమన్నావు, చూపించాను. నెలలోపు నయం కావాలన్నావు, వారంలో నయం చేశాను. ఏ మంగళవారమైనా తప్పానా? నువ్వు అడిగినవాటిలో ఒక్కటి తగ్గించానా చెప్పు."

కొమ్మన్న కొమ్ములు దించి దూకాడు. దాసప్ప తన చుట్టాలతో సహా పొదల్లో పడి పారిపోయాడు. ఆ తర్వాత ఎర్రగట్టు ఛాయలకు రాలేదు. 

మర్నాడు పొద్దున, మోయగలిగినంత గడ్డి వీపున వేసుకుని బట్టీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

"పోలమ్మా, గాదె తలుపు తీసి వచ్చాను. ఎంత కావాలో, ఎవరికి కావాలో నీకే తెలుసు. నన్నేమీ అడగొద్దు, నాకేమీ చూపించొద్దు."

పోలమ్మ బయటికి వచ్చింది. "రంగి కాలు వంకరగా అతుకుతుంది అన్నా. ఇక అది పరుగెత్తదు. నీకు ఈ మాట దాచి చెప్పలేను."

"దాచొద్దు" అన్నాడు కొమ్మన్న. "నేనేం చెయ్యను?" అని అడిగాడు.

"ముందు నన్ను తిననివ్వు. నాలుగు రోజులుగా నిలబడలేకపోతున్నాను. నేను పడిపోతే వీళ్ళను లేపేదెవరు? తర్వాత గోరింకలకు గుప్పెడు జొన్నలు. లింగడికి మెత్తటి గడ్డి, ఆ పుండు ఎప్పటికీ మానకపోయినా సరే. అప్పుడప్పుడు నువ్వే దిగిరా. కట్లు విప్పి చూడటానికి కాదు, నీళ్ళు మోయడానికి."

కొమ్మన్న తెచ్చిన గడ్డిని పోలమ్మ ముందు దించి, తను పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆకలి మీద ఉన్నవాళ్ళు తింటుంటే చూడకూడదని అతనికి ఆనాడే తెలిసింది. వెనకనుంచి గడ్డి నమిలే చప్పుడు ఆత్రంగా, ఆగకుండా వినిపిస్తుంటే, సిగ్గుతో అతని తల ఇంకా కిందికి దిగిపోయింది.

నీతి: అనుమానంతో చేసిన సాయం, సాయం కావలసినవాళ్ళ కాళ్ళు విరిచి మోసగాళ్ళ కడుపు నింపుతుంది.