పొడిగా చెక్కాల్సిన ఆజ్ఞ

ఒక రాజు గుట్టమీద వంద స్తంభాల మండపం కట్టిస్తున్నాడు. రాయి తెల్లది, గట్టిది. చెక్కుతుంటే పిండిలాంటి పొడి లేచేది. పనివాళ్ళు దాన్ని నోటితో ఊది, గీత కనబడగానే మళ్ళీ ఉలి పెట్టేవాళ్ళు.

గుడ్డతో తుడవకూడదు, నీళ్ళు చల్లకూడదు. చెక్కేవాడి ఊపిరి తగిలితేనే రాతికి ప్రాణం వస్తుందని ఆచారం. దాన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పెట్టినవాడు మాత్రం ఉలి పట్టినవాడై ఉండడు.

ఊదిన పొడి ఎక్కడికీ పోయేది కాదు. మళ్ళీ పీల్చిన గాలితో లోపలికే వచ్చేది. ఏడెనిమిదేళ్ళకు మనిషి గుట్ట ఎక్కుతూ మధ్యలో ఒకసారి ఆగేవాడు. మరుసటి ఏడాది నాలుగుసార్లు ఆగేవాడు. ఆ తర్వాత ఎక్కేవాడు కాదు.

రాజు చెడ్డవాడు కాదు. చనిపోయిన ప్రతి పనివాడికీ ఒక పేరురాయి వేయించేవాడు. ఇతడు తన ఊపిరిని రాతికి ధారపోశాడు అని దానిమీద ఉండేది. బతికుండగా వాళ్ళ పేర్లు ఎవరూ ఎక్కడా రాయలేదు. త్యాగం చాలా సౌకర్యమైన మాట. చచ్చింది ఎవరో చెబుతుంది, చంపింది ఏమిటో చెప్పదు.

పేరురాయిని కూడా పనివాళ్ళే చెక్కాలి. ఊదుతూనే చెక్కాలి.

ఎల్లమంద అనే పనివాడు పోయాడు. అతని పేరురాయి అతని తమ్ముడి వంతుకే వచ్చింది. రాజుగారి లేఖకుడు జేగురు రంగుతో ఎర్రటి అక్షరాలు గీసి వెళ్ళాడు. తమ్ముడికి చదువు రాదు. గీసిన గీత వెంట ఉలి నడపడం వచ్చు.

ఎల్లమంద భార్య మరిదికి గంజి తెచ్చి, అతను తాగేదాకా ఉందామని కూర్చుంది. మొదటి అక్షరం పూర్తయ్యేలోగా అతను ముప్పైసార్లు ఊదాడు. కనురెప్పలు తెల్లబడ్డాయి. పెళ్ళయిన కొత్తలో మొగుడి కనురెప్పలు కూడా ఇలాగే ఉండేవి. అప్పుడే ముసలాడివయ్యావని ఆమె అతన్ని ఎగతాళి చేసేది. అతను ముసలివాడు కాకుండానే పోయాడు.

ఆమె ఇంటికి వెళ్ళి ఒక ముంత అడుగున చిల్లి పొడిచి, అందులో పాత చీర పేలిక దూర్చి తెచ్చింది. మూడు కర్రలు నిలబెట్టి ముంతను రాతిమీద వేలాడదీసింది. నీళ్ళు బొట్టుబొట్టుగా పడ్డాయి. పొడి లేవలేదు, బురదై జారింది. దానితోపాటు ఎర్రటి గీతలూ జారిపోయాయి.

మరిది ఉలి కింద పడేశాడు. "ఏం చేశావు వదినా, అన్న పేరు చెరిగిపోతోంది."

"పోతే పోనీ. ఆ పేరు నాకు నోటికొచ్చు. ఇంకో పేరురాయి చూసే ఓపికే నాకు లేదు."

పెద్ద మేస్త్రి వచ్చాడు. ఊపిరి తగలని రాయి శవంతో సమానమన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. నీ ఊపిరి ఇంకెన్ని రాళ్ళకు సరిపోతుందో చూసుకో మావా, అని ఆమె అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది.

పేరురాయిని చెరిపిందన్న ఫిర్యాదు రాజు దగ్గరికి వెళ్ళింది. రాజు ఓపిగ్గా విన్నాడు. పండితులను పిలిచాడు. వాళ్ళు నాలుగు నెలలు చర్చించారు. ఆ నాలుగు నెలల్లో ఆరు పేరురాళ్ళు లేచాయి. చివరికి ఆమె చేసిందే సరైన పని అని తేలింది. ఇకమీదట రాతిని తడిపే చెక్కాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. పండితులకు శాలువాలు కప్పారు.

ఆ ఆజ్ఞను వంద రాళ్ళమీద చెక్కి గుట్ట చుట్టూ నాటాలన్నారు. లేఖకులు వచ్చి అక్షరాలు గీశారు. వెనకే ఒక అధికారి వచ్చి పద్ధతి వివరించాడు. ఆఖరి రాయి నాటిన రోజునుంచి ఆజ్ఞ అమలులోకి వస్తుంది. అందాకా పాత పద్ధతే. ఈ వంద రాళ్ళనూ పొడిగానే చెక్కాలి, తడిపితే రాజుగారి అక్షరాలు చెరుగుతాయి.

ఎన్నాళ్ళు పడుతుందని ఆమె అడిగింది. చలికాలం దాటేలోగా అయిపోతుందని అధికారి అన్నాడు. ఆమె మరిది వైపు చూసింది. ఆ ఉదయం అతను గుట్ట ఎక్కుతూ ఒకసారి ఆగాడు. కాల్లో ముల్లు దిగిందని చెప్పాడు. ముల్లు తీయడానికి వంగలేదు.

అధికారి వెళ్ళాక పెద్ద మేస్త్రి తన వంతు రాయి ముందు చాలాసేపు కూర్చున్నాడు. దీనిమీద ఏం రాసుందని పక్కవాణ్ణి అడిగాడు. అందరూ పొద్దున విన్నదే. అయినా మళ్ళీ చెప్పించుకున్నాడు.

"తడిపి చెక్కమని, మేస్త్రీ."

"రాజుగారు చెప్పాక ఇంకేముంది," అన్నాడు మేస్త్రి. ఎల్లమంద భార్యను పిలిచాడు. "ముంత పట్రావే కోడలా."

సాయంత్రానికి వంద రాళ్ళమీద వంద ముంతలు కారాయి. అక్షరాలన్నీ ఎర్రటి నీళ్ళై గుట్ట దిగాయి. వాటిని తిరిగి గీయడం ఎవరికీ రాదు. అందుకని రాళ్ళను అలాగే నాటేసి, ముంతలను స్తంభాల మీదికి మార్చారు. స్తంభాల మీద ఉండేవి పువ్వులూ తీగలే. ఎన్నిసార్లు చెరిగినా అవి గీసుకోగలరు.

నెల తర్వాత అధికారి తనిఖీకి వచ్చాడు. గుట్ట చుట్టూ వంద రాళ్ళు నున్నగా, ఖాళీగా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఉలులు మోగుతున్నాయి. ఎవరూ ఊదడం లేదు.

"రాజుగారి ఆజ్ఞ ఏదిరా?" అని పెద్ద మేస్త్రిని అడిగాడు.

"చెరిగిపోయిందయ్యా. అమలులో ఉంది."

ఎవరు చెరిపారని అధికారి అడిగాడు. ఎల్లమంద భార్య తానేనంది. ఆమె నోరు మూయకముందే మరిది తానేనన్నాడు. ఎవరి పేరు రాయాలో తేలక అధికారి గుట్ట మొత్తాన్నీ రాసుకున్నాడు. ఆజ్ఞ ఎక్కడా కనబడలేదనీ, రాతిపనివాళ్ళు దాన్ని ధిక్కరించారనీ, అందరినీ సభకు పిలిపించి శిక్షించాలనీ ఉత్తరం తయారైంది.

అతను ఇంటికి చేరి, గుట్టనుంచి వచ్చిన రోజుల్లో ఎప్పుడూ చేసినట్టే, గుమ్మం బయట పైపంచె తీసి దులిపాడు. పొడి ఏమీ రాలలేదు. ఇంకోసారి గట్టిగా దులిపాడు.

శుభ్రంగా ఉన్న పంచెను మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఉత్తరానికి ముద్ర వేశాడు.