మరలమెట్ట లెక్కల సత్రం

శంఖవాహిని నది సముద్రంలో కలిసే మొగకు ఉత్తరాన, సరుగుడు తోటలు దాటగానే ఎర్రమట్టి మెట్ట ఒకటి కనిపిస్తుంది. కొండ అనడానికి ఎత్తు చాలదు. దిబ్బ అంటే ఊరివారు ఒప్పుకోరు. మెట్టమీద శ్రీ మరలేశ్వరస్వామి ఆలయం, ఆలయాన్ని ఆనుకొని పెంకుటి కప్పు పాత సత్రం, దాని వెనుక రెండంతస్తుల కొత్త భవనం ఉన్నాయి. కొత్త భవనంలో గణిత పండితులు పనిచేస్తారు. తుపాను వస్తే ఉప్పెన ఏ ఊరిని ఎంతవరకు ముంచుతుంది, ఏటిగట్టు ఎక్కడ తెగే ప్రమాదం ఉంది, టీకామందులు చెడిపోకముందే లంక గ్రామాలకు ఏ దారిన చేర్చాలి, ఇటువంటి ప్రశ్నలకు ఇక్కడ లెక్క కట్టి చెబుతారు. ఎవరివద్దా రుసుము తీసుకోరు. కాగితాల మీద ఇది లాభాపేక్ష లేని పరిశోధన సంస్థ. చుట్టుపక్కల జనానికి మాత్రం తాతల నాటి పేరుతో లెక్కల సత్రమే.

ఆలయానికి మొదటిసారి వచ్చినవారు గర్భగుడి ముందు కాస్త తికమకపడతారు. గుమ్మం తూర్పున సముద్రం వైపు ఉంటుంది. స్వామిది ముఖలింగం. ఆ ముఖం మాత్రం గుమ్మానికి ఎదురుగా లేక, దక్షిణానికి, మెట్లదారి వైపు తిరిగి ఉంటుంది. ఆ వైపు గోడలో చిన్న కిటికీ కొట్టించారు. అర్చకస్వామి హారతి పళ్లెం పట్టుకొని పక్కకు జరిగి నిలబడవలసిందే. దక్షిణాభిముఖుడైన శివుడు జ్ఞానదాత అని పండితులు అన్వయం చెబుతారు. ఊరివారు చెప్పే కారణం వేరు.

పూర్వం ఈ మెట్టమీద స్వామి ఒక్కడే ఉండేవాడు. పైకప్పు లేదు, ప్రాకారం లేదు. ముఖం తిన్నగా సముద్రం మీదికి ఉండేది. ఎగువన అగ్రహారంలో జగ్గన సిద్ధాంతి అనే గణిత పండితుడు కాపురముండేవాడు. గ్రహణం పట్టే వేళ, విడిచే వేళ ఆయన చెబితే చెప్పినట్టు జరిగేది. ఒక సూర్యగ్రహణంనాడు ఆయన లెక్క ప్రకారమే జనం మొగలో పట్టుస్నానానికి దిగారు. ఆకాశంలో గ్రహణం ఘడియ తప్పలేదు. అదే వేళకు ఏటిలో పోటు ఎదురై, స్నానానికి వచ్చిన వారి పడవ ఒకటి తలకిందులైంది. ఒడ్డున నిలబడి సిద్ధాంతి రెండూ చూశాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోబుద్ధిగాక మెట్ట ఎక్కి, స్వామి ఎదుట అలసి నిద్రపోయాడు. కలలో స్వామి కనిపించి, "జగ్గనా, ఆకలిగొన్నవాడికి దారిపొడుగునా అన్నసత్రాలున్నాయి. లెక్క తెలియక చచ్చేవాడికి సత్రం ఏది?" అని అడిగాడు. సిద్ధాంతి లేచి కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఆ నెలలోనే అగ్రహారం విడిచి, మెట్టమీద తాటాకుల పాక వేసుకున్నాడు. అడిగినవారికల్లా లెక్క కట్టి చెబుతానని, బదులుగా ఏమీ పుచ్చుకోనని చాటించాడు.

జనం రాసాగారు. ఉప్పుమడులకు కాలువ ఎంత వాలుగా తవ్వాలని కొందరు, పడవ ఎంత బరువు మోస్తుందని కొందరు, గాదె గోడ ఎంత మందం ఉండాలని కొందరు వచ్చారు. సిద్ధాంతి ఇసుకలో గీతలు గీసి, గవ్వలు పేర్చి జవాబు చెప్పేవాడు. అది విని దణ్ణం పెట్టి వెళ్లేవారు. ఆయన పేరు విని దూరదూరాల నుంచి విద్యార్థులు చేరారు. పాక పెద్దదయింది. వెళ్లినవారెవరూ మళ్లీ మెట్ట ఎక్కకపోవడం ఆయనకు వింతగా తోచలేదు. పని నెరవేరినవాడు తిరిగి ఎందుకు వస్తాడని అనుకున్నాడు. పైకి చెప్పుకోకపోయినా, తన లెక్క తప్పదన్న నమ్మకం ఆయనలో కొద్దికొద్దిగా గట్టిపడింది.

అలా ఉండగా గవ్వలపాలెం నుంచి అసిరయ్య అనే జాలరి పెద్ద వచ్చాడు. పోటు ముంపు నుంచి ఊరిని కాపాడుకోవడానికి చుట్టూ గట్టు వేసుకుంటాము, ఎంత ఎత్తు వేయాలో చెప్పమని అడిగాడు. సిద్ధాంతి పున్నమి పోటును, ఏటి వరదను కలిపి, పైన మూరెడు చేర్చి ఎత్తు చెప్పాడు. అసిరయ్య సంతోషంగా వెళ్లాడు. ఊరంతా కలిసి గట్టు వేశారు.

మరుసటి కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చింది. అది వెలిసిన కొన్నాళ్లకు ఒక స్త్రీ మెట్లదారిన పైకి వచ్చింది. సిద్ధాంతి అప్పుడు పాఠం చెబుతున్నాడు. ఆమె పాక బయటే నిలబడింది. ఆయన పిలిచి కూర్చోమన్నాడు గాని కూర్చోలేదు.

"బావూ, నాను అసిరయ్య చెల్లెల్ని, మరిడమ్మని. మా అన్న నీకాడికొచ్చి గట్టెత్తు అడిగినాడు. నువ్వు సెప్పినావు. సెప్పినంతా కట్టినాం, బెత్తెడు తగ్గించనేదు. సముద్రం గట్టు మీంచి వచ్చీసింది. వచ్చిన నీరు పోడానికి దారి నేదు. మా అన్న పోనాడు. నా పిల్ల పోనాది."

సిద్ధాంతి, "గాలి ఏ దిక్కునుంచి కొట్టిందమ్మా?" అని అడిగాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని అడగవలసిన మాట అదేనా అని విద్యార్థులు తలలు వంచుకున్నారు. మరిడమ్మకు మాత్రం అది తప్పుగా తోచినట్టు లేదు.

"సముద్రంకాడి నుంచే. రోజంతా అదే గాలి. ఏటి నీరు కిందికి పోనివ్వనేదు."

సిద్ధాంతికి తెలిసిపోయింది. పోటును లెక్కించాడు, వరదను లెక్కించాడు. సముద్రాన్ని ఒడ్డుమీదికి తోసే గాలిని లెక్కించలేదు. లోపలికి రాకుండా వేసిన గట్టే, వచ్చిన నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచిందని ఆయన తలచనే లేదు. "నన్ను తిట్టడానికి వచ్చి ఉంటే తిట్టు తల్లీ, పడతాను," అన్నాడు.

"తిట్టడానికి ఇంత దూరం రానేదు బావూ. పక్కన పీతలదిబ్బోళ్లు గట్టు కట్టుకుంటారంట. రేపోమాపో నీకాడికొస్తారు. మాకు సెప్పిందే ఆళ్లకీ సెప్తావు గదా. అందుకొచ్చినాను."

"ఇక నేను ఎవరికీ చెప్పను. అగ్రహారానికి వెళ్లిపోతాను. గ్రహణం లెక్క తప్పినా ఎవరూ మునగరు."

మరిడమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వు సెప్పకపోతే ఆళ్లు కట్టడం మానేత్తారా? ఊసుబోక కడతన్నారా ఏటి? తోసినట్టు కట్టుకుని ములుగుతారు," అని, వెనుదిరిగి మెట్లు దిగసాగింది.

సిద్ధాంతి తాళపత్రాలు మూటకట్టమని విద్యార్థులకు చెప్పాడు. స్వామికి చివరిసారి నీళ్లు పోసి వెళదామని చెంబు తీసుకొని లింగం దగ్గరకు వెళ్లాడు. రోజూ తాను కూర్చునే చోటనే కూర్చున్నాడు. ఎదుట ముఖం లేదు. స్వామి చెంప మాత్రమే కనిపించింది. స్వామి చూపు ఆయనను దాటి, మెట్లదారిమీద దిగిపోతున్న మరిడమ్మ వీపు మీద ఉంది. ఇన్నేళ్లూ వచ్చేవారినే చూశాడు గాని వెళ్లినవారు ఏమయ్యారో తాను ఏనాడూ చూడలేదని అప్పుడు ఆయనకు తట్టింది. చెంబు అక్కడే వదిలి, పై కండువా జారిపోతున్నా పట్టించుకోక, మెట్లమీద పరుగెత్తాడు.

"అమ్మా, మరల రా! మరల రా తల్లీ!" అని అరిచాడు. ఆ పిలుపు మీదనే మెట్టకు మరలమెట్ట అని, స్వామికి మరలేశ్వరుడని పేర్లు వచ్చాయి.

మరిడమ్మ ఆగి, "ఎందుకు?" అంది.

"నేను చెప్పిన లెక్కలు ఏమయ్యాయో నాకు ఒక్కటీ తెలియదు. మంచిదో చెడ్డదో, వచ్చి చెప్పింది నువ్వొక్కర్తివే. మిగిలినవారిని అడిగి రావాలి. తప్పు జరిగిందని నా ముఖం మీద చెప్పగలిగిన మనిషి నాకు తోడు కావాలి."

ఆమె వెంటనే ఒప్పుకోలేదంటారు. పిల్లకు చేయవలసిన కర్మ ఇంకా మిగిలి ఉందని చెప్పి వెళ్లిపోయింది. అది ముగించుకున్న తరువాతనే తిరిగి వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని తీరం వెంట ఊరూరా తిరిగింది. ఉప్పుమడుల కాలువ చక్కగా పారుతోందని తెలిసింది. పడవ లెక్క కొత్త కలపకు సరిపోయింది గాని, నీరు పీల్చిన పాత కలపకు సరిపోలేదు. ఒకచోట గాదె గోడ బీటవారింది. ఆ గాదె యజమాని, "ఇన్నేళ్లకు గుర్తొచ్చామా?" అని విద్యార్థుల మీద మండిపడ్డాడు. మరిడమ్మ అతని అరుగుమీదే కూర్చుని, కోపం చల్లారాక బీట ఎటు నుంచి ఎటు పోయిందో అడిగి తెలుసుకొని వచ్చింది.

ఆమె తెచ్చిన సంగతులన్నీ ముందు పెట్టుకొని సిద్ధాంతి లెక్కలు మళ్లీ కట్టాడు. పీతలదిబ్బవారికి గట్టు ఎత్తు పెంచి చెప్పాడు. పల్లపు వైపున తూములు పెట్టమన్నాడు. గాలి సముద్రం వైపునుంచి తిరిగితే గట్టును నమ్ముకొని ఊళ్లో ఉండవద్దన్నాడు. వారు మొదట వినలేదు. "మునిగిపోయిన ఊరి లెక్కా మాకు?" అన్నారు. "ములిగిన ఊరే సెప్తంది, ఇనండి," అంది మరిడమ్మ. తరువాతి గాలివానకు ఆ గట్టూ ఒకచోట తెగింది. పొలాలు ఉప్పుబారాయి. నీరు తూముల గుండా తీసింది. ముందే ఎత్తైన చోటికి చేరిన మనుషులు బతికారు.

ఈ మాట పాకి, కోటలో దొర చెవిన పడింది. ఆయన పల్లకిలో మెట్ట దగ్గరకు వచ్చి, సత్రానికి రాతి మండపం కట్టిస్తానని, విద్యార్థుల భోజనానికి మాన్యం రాసిస్తానని చెప్పాడు. అప్పటికి సత్రంలో పొయ్యి వెలగని రోజులుండేవి. సిద్ధాంతి సంతోషించాడు. దొర ఒక్క నియమం పెట్టాడు. "మా పేరున నడిచే చోట లెక్క తప్పిందని ఆవిడ ఊరూరా చెప్పుకు తిరగడం మర్యాద కాదు. అది మానిపించండి."

ఆకలితో ఉన్న విద్యార్థులు సిద్ధాంతి వైపే చూస్తున్నారు. మరిడమ్మ ఆకుకూర ఏరుకుంటూ కూర్చుంది. చివరికి ఆయన చేతులు జోడించి, "ప్రభూ, మండపం లేకపోయినా లెక్క చేయగలను. ఫలం వినకుండా చేయలేను," అన్నాడు. దొర వెనుదిరిగి పల్లకి ఎక్కాడు. విద్యార్థులలో చురుకైనవారు చాలామంది ఆయన వెంట కోటకు వెళ్లిపోయారు. సిద్ధాంతి వారిని నిందించలేదు. ఆ సాయంత్రం మాత్రం అన్నం ముట్టలేదు. కోటలో ఆ లెక్కలవారు ఏమయ్యారో ఈ స్థలపురాణం చెప్పదు.

సత్రాన్ని నిలబెట్టినవారు తిరిగి వచ్చినవారే. ఫలం చెప్పడానికి మెట్ట ఎక్కేటప్పుడు వట్టి చేతులతో రావడం బాగుండదని ఉప్పుమడివారు ఉప్పు, జాలరులు ఎండుచేప, మెరక పొలాలవారు తాము పండించిన చోళ్లు తెచ్చేవారు. ఎండుచేప చూసి సిద్ధాంతి మొదట ఇబ్బందిపడ్డాడు. తరువాత రెండో పొయ్యి పెట్టించాడు. కొందరు తమ పిల్లలను చదువుకోమని వదిలి వెళ్లారు. ఆ పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు. తెలిసిన తప్పు ప్రతిదీ కొత్త పాఠమైంది. పాక పెంకుటిల్లయింది. సిద్ధాంతి కాలం చేసే నాటికి ఎగువ కొండల నుంచి కూడా ప్రశ్నలు వచ్చేవి. మరిడమ్మ ఆయన కన్న చాలాకాలం బతికింది. ఆమె కూర్చుని ఫలాలు వినే నల్లరాయి మెట్లదారి మొదట్లో ఇప్పటికీ ఉంది. పసుపు కుంకుమలతో దానికే తొలి పూజ జరుగుతుంది.

నేడు కొత్త భవనంలో కంప్యూటర్లు ఉన్నాయి, ఆకాశం నుంచి తీసిన తుపాను చిత్రాలు వస్తాయి. ఆచారం మారలేదు. ఇక్కడ జవాబు పుచ్చుకున్నవారు ఏడాది తిరిగేలోగా వచ్చి, అది పనికివచ్చిందో లేదో చెప్పాలి. రాలేనివారి వద్దకు సత్రంవారే వెళతారు. ఫలం చెప్పేవారు నల్లరాతి పక్కన అరుగుమీద కూర్చుంటారు. లెక్క కట్టిన పండితులు ఎంతటివారైనా ఎదుట నిలబడి వినాలి. కార్తీకమాసంలో ఒకరోజు ఆ ఏడాది ఫలాలన్నీ స్వామి కిటికీ ఎదుట అందరికీ వినిపిస్తారు. తప్పినవి ముందు, ఒప్పినవి తరువాత. అది విన్నవారి ఇంట నీటి గండం ఉండదని, పిల్లలకు గణితం భయం పోతుందని భక్తుల విశ్వాసం.

ఇతర క్షేత్రాలలో స్థలపురాణం చివర దానిని చదివినవారికి కలిగే ఫలం చెప్పడం ఆనవాయితీ. మరలమెట్టలో ఫలం చెప్పే ఆ వంతు తిరిగి వచ్చినవారిది. కనుక మెట్ట ఎక్కి ప్రశ్న అడిగిన యాత్రికులు స్వామివారి ప్రసాదం స్వీకరించి, పని చూసుకొని, మరల రావలసిందిగా ప్రార్థన. మెట్ల మొదట్లో మజ్జిగ ఇస్తారు. అది తాగి, ఊపిరి కుదుటపడేవరకు ఎవరూ మిమ్మల్ని పలకరించరు. తరువాత ఒకరు దగ్గరకు వచ్చి నిలబడి అడుగుతారు: "ఏమయింది?"