సెలవు పరీక్ష

పూర్వం ఒక రాజధాని విద్యాపీఠంలో మనుషులచేత పని చేయించే శాస్త్రం చెప్పేవారు. అక్కడి ఆచార్యులు త్రివిక్రమభట్టుగారి సూత్రం ఒకటే: "నౌకరుకు సెలవిచ్చి చూడండి. పని ఆగకపోతే వాడు దండగ. తీసెయ్యండి."

ఆ సూత్రంతోనే కోట కావలివాడు గురవయ్య ఉద్యోగం ఊడింది. అతనికి సెలవిచ్చిన వారం దొంగలెవరూ రాలేదు మరి.

గురవయ్య కూతురు పైడమ్మ ఆ శాస్త్రమే చదువుతోంది. రాజుగారు పాఠం వినడానికి వచ్చిన రోజున లేచి నిలబడింది.

"గురువుగారూ, మొన్న మహారాజుగారు నెల్లాళ్లు వేటకెళ్లారు. రాజ్యంలో ఏ పనీ ఆగలేదు. ఇప్పుడెవర్ని తీసెయ్యాలి?"

ఆచార్యులు గబగబా రాజుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టారు. "ఏలినవారు ఎక్కడున్నా, వారంటే ఉన్న భయం ఇక్కడ పనిచేస్తుందమ్మా."

"దొంగలకు మా నాన్నంటే ఉన్న భయం కూడా ఆ వారమంతా అలాగే పనిచేసిందండీ."

రాజు ఆ పూటే గురవయ్యను మళ్లీ కావలికి పెట్టాడు. ఆచార్యులకు మాత్రం నెల్లాళ్లు సెలవిచ్చాడు.