మడుగు దగ్గర లైను

ప్రశ్న అడిగితే మా పరాంకుశాచార్యులు గారు జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు ఆయన వెంట నడవాలి. సంతకో, రేవుకో, ఒక్కోసారి ఊరికే వీధి మలుపుదాకానో తీసుకువెళ్ళి, అక్కడ ఏదో ఒకటి జరిగేదాకా నిలబెడతారు. జరిగాక ఒక్క మాట అని ఇంటికి వచ్చేస్తారు. ఆ మాట అర్థమైతే మన అదృష్టం, కాకపోతే మన ఖర్మ. రెండోసారి అడగడానికి ఎవరికీ గుండె చాలదు. ఏళ్ల తరబడి ఆయన దగ్గర భాగవతం వింటున్న నాకు వచ్చిన జ్ఞానం ఎంతో తెలియదు గాని, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఆయన జవాబుల వల్లే వచ్చాయని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఆదివారం ప్రశ్న తెచ్చింది నీలవేణి. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతుంది. పురాణం అయ్యేదాకా గోడకి ఆనుకుని కూర్చుని, అందరూ లేచాక దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయే మనిషి. ఇంత నెమ్మదస్తురాలు మాయాద్వీపం అభిమానుల సంఘానికి కార్యదర్శి అంటే నేను మొదట నమ్మలేదు. మాయాద్వీపం అంటే సముద్రం రోడ్డు మీద ఉన్న వినోదాల పార్కు. మనుషుల్ని తలకిందులుగా తిప్పే రైళ్ళూ, దయ్యాల కొంపా, నీళ్ళలో దభీమని పడేసే పడవలూ ఉంటాయి. సినిమా హీరోలకున్నట్టు దానికీ అభిమానులున్నారు మహానుభావులు! ఏడాది పాసులు తీసుకుంటారు, ఆదివారం వస్తే అక్కడే కాపురం. కొత్త రైడు పెడితే మొదటి పెట్టె మీద పాలు పోసి, గుమ్మడికాయతో దిష్టి తీసి, ఆ తర్వాతే ఎక్కుతారు. వాళ్ళకో కట్టుబాటు కూడా ఉంది. పార్కువాళ్ళు ఒక్కోసారి కొత్త రైడుని చెప్పాపెట్టకుండా తెరిచి, ముందొచ్చిన కొద్దిమందిని ఎక్కించి చూసుకుంటారట. ఒకసారి "ఇక్కడేమిటి, ఎందుకు నిలబడ్డారు" అని ఆరాలు తీస్తూ సగం సంఘం ఆ భాగ్యం పోగొట్టుకుంది. అప్పట్నుంచీ పార్కులో ఎక్కడ లైను కనిపించినా ముందు నిలబడాలి, దేనికని తర్వాత అడగాలి. ఎవరి పిచ్చి వారికానందం, మనకెందుకు?

ఆ పార్కు నడిమధ్యన ఒక మడుగు ఉంది. వెన్నెల మడుగని బోర్డు పెట్టారు. చుట్టూ వెదురు పొదలు, నీళ్ళలో కలువలు, ఒడ్డున ఒక్క మనిషికి సరిపడే రాతి బల్ల. నిజం చెప్పాలంటే అది రాయి కాదు, సిమెంటు. పక్కనున్న కొండా సిమెంటుదే, దాని మీంచి పడే జలపాతం మోటారుది. చల్లదనం మాత్రం నిజమైనదే. అక్కడ ఎక్కడానికి ఏమీ లేదు గనక ఎవరూ ఆగరు. ఇప్పుడు పార్కువాళ్ళు ఆ మడుగు పూడ్చేసి, గరుడ రథమని ఆకాశంలో మెలికలు తిరిగే రైలు పెడతామన్నారు. ఇంకేముంది, సంఘం రెండుగా చీలిపోయింది. మడుగు వాళ్ళు, రథం వాళ్ళు. ఫోన్లలో పొద్దస్తమానం తిట్టుకుంటున్నారు, ఒకరింటి శుభకార్యానికి ఇంకొకరు వెళ్ళడం మానేశారు. రథం వాళ్ళకి నాయకుడు బొడ్డేటి సూరిబాబు. ఆయనకి పిండిమర ఉంది, మాట్లాడితే మర తిరిగినట్టే ఉంటుంది. "నీళ్ళు చూడాలంటే ఇంట్లో బకెట్టు లేదా? పక్కనే అంత సముద్రం లేదా?" అన్నది ఆయన వాదం. అందులో పస లేదని నేననలేను.

"మేనేజరు ఒక మాట అన్నాడు గురువుగారూ" అంది నీలవేణి. "మడుగుకి జనం వస్తారని చూపిస్తే ఉంచుతాం, లేకపోతే పూడ్చేస్తాం, ఇవాళ సాయంత్రమే తేల్చేస్తాం అన్నాడు. మావాళ్ళు బ్యానర్లు కట్టి, డప్పులు తెచ్చి, జనాన్ని పోగేద్దామంటున్నారు. నేను సరే అంటే అయిపోతుంది. అనలేకపోతున్నాను." తర్వాత, అంతవరకూ ఎవరితోనూ అనని మాట అంది. "మా ఆయన పోయాక నాకు ఏడవడానికి చోటు దొరకలేదండీ. ఇంట్లో ఏడిస్తే మా అత్తగారు నాకంటే ముందు కూలబడిపోతారు. బళ్ళో ఏడిస్తే పిల్లలు చూస్తారు. ఆదివారాలు అందరూ రైళ్ళెక్కుతుంటే నేను ఆ బల్ల మీద కూర్చుని ఏడ్చుకుని, మొహం కడుక్కుని ఇంటికెళ్తాను. అది పోతే నేనేమైపోతానో నాకే తెలీదు. పదిమందీ వస్తేనే ఆ చోటు బతుకుతుందంటున్నారు. పదిమందీ వచ్చాక అది నా చోటవుతుందా గురువుగారూ?"

ఆ పిల్లని ఇన్నాళ్ళూ చూస్తున్నాం గదా, ఎవరైనా ఒక్కసారి పలకరించామా? గురువుగారు లేచి చెప్పులు వేసుకున్నారు. నేను మోకాళ్ళు పట్టుకుని వాళ్ళ వెనకాల ఆటో ఎక్కాను.

మేం వెళ్ళేసరికి ఎండ వాలుతోంది. గేటు దాటగానే కేకలూ, పాటలూ, నెత్తి మీద రైళ్ళ గడగడలూ కలిసి నా బుర్ర దిమ్మెక్కిపోయింది. వెదురు పొదల మధ్య దారిలోకి తిరిగాం. నాలుగడుగులు వేశామో లేదో, ఆ చప్పుడంతా ఎవరో తలుపు దగ్గరికి వేసినట్టు వెనకే ఆగిపోయింది. మడుగు మీద సన్నటి ఆవిరి కమ్ముకుని ఉంది. అదీ ఏదో గొట్టంలోంచి వదిలేదేనట, అయినా ఎంత బాగుందనుకున్నారు! ఆ ఆవిరిలో కలువలు ఉన్నాయో లేవో అన్నట్టు తేలుతున్నాయి. వెదురాకుల సందుల్లోంచి పడ్డ ఎండ నీళ్ళ మీద మెల్లగా అటూ ఇటూ జరుగుతోంది. నేనెక్కడికి వచ్చానో, ఎందుకు వచ్చానో కాసేపు మరిచిపోయాను. గురువుగారు తిన్నగా వెళ్ళి బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆయన కూర్చుంటే మేం ఆయన వెనక నిలబడటం మా అలవాటు గనక నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీలవేణి వచ్చి నా వెనక నిలబడింది. మేం చేసిందల్లా అంతే.

"ఒరేయ్, కార్యదర్శి గారు లైన్లో ఉన్నారు!" అని పొదల అవతలినుంచి ఎవరో కేక పెట్టారు. తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. ఒక లావుపాటి ఆయన రొప్పుతూ వచ్చి నీలవేణి వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ వెనక చంటిపిల్లతో సహా ఒక కుటుంబం. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ వరస వెదురు దారిలో మలుపు తిరిగి కనపడకుండా పోయింది. దేనికని ఒక్కరూ అడగలేదు. "కొత్త రైడే అంటారా?" "ఇంత నిదానంగా కదులుతోందంటే పెద్దదే అయ్యుంటుంది." "ముందు కూర్చున్న ఆ పెద్దాయనెవరు?" "ప్రారంభోత్సవానికి పిలిచుంటారులెండి." నీలవేణి మొహం పాలిపోయింది. ఇక్కడేమీ లేదు, వెళ్ళిపోండి అని చెప్పబోయి, అలా చెబితే మడుగు పోతుందని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

గురువుగారు కళ్ళు తెరిచి, లేచి, వెదురు కిందకి జరిగారు. "కూర్చో గవర్రాజూ" అన్నారు నాతో. కూర్చున్నాను. నీళ్ళలో వెదురు నీడ కదిలింది. కదిలింది నీడా నేనా అన్నది తేల్చుకోలేకపోయాను. మోకాళ్ళు ఉన్నాయన్న సంగతే గుర్తు లేదు. ఎంతసేపు కూర్చున్నానో గాని, ఎవరో దగ్గితే ఉలిక్కిపడి లేచాను. తర్వాత వంతు నీలవేణిది. వెనకనుంచి అంతమంది చూస్తుంటే ఆ పిల్ల కూర్చోలేకపోయింది. బల్ల మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేసి, పక్కకి తప్పుకుంది. ఆ చెయ్యి తీసెయ్యడం చూసి నాకు జనం మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

జనానికేం తెలుసు పాపం! లావుపాటాయన కూర్చుని బల్ల ఇప్పుడు కదులుతుంది, ఇప్పుడు కదులుతుందని అంచులు గట్టిగా పట్టుకున్నాడు. కాలేజీ లెక్చరరట, ఒకాయన నడుముకి పెట్టుకునే బెల్టు కోసం అటూ ఇటూ తడిమాడు. "ఇంకా మొదలవలేదా?" అనడిగింది వాళ్ళావిడ. "అయిపోయినట్టుందే" అన్నాడాయన లేస్తూ, ఎందుకో మెల్లగా. కొందరు "ఇందుకా ఇంతసేపు నిలబెట్టారు!" అని చిరాకుపడి పోయారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, వెళ్ళి మళ్ళీ లైను చివర నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు సూరిబాబు, భార్య చిలకమ్మతో. "ఇదంతా మడుగు వాళ్ళ ఎత్తు!" అని అల్లంత దూరం నుంచే అరిచాడు. అయినా కట్టుబాటు కట్టుబాటే గదా, అరుస్తూనే వచ్చి లైన్లో నిలబడ్డాడు. అరుస్తూనే ముందుకు జరిగాడు. "రథం మీద అంతెత్తునుంచి పడుతుంటే బుర్రలో ఏమీ ఉండదండీ! ఏమీ! ఆ కాసేపూ మనిషికి ఏదీ గుర్తురాదు! అదండీ కావాల్సింది! ఈ నీళ్ళెవరికండీ?" చిలకమ్మ చొక్కా పట్టుకుని లాగుతోంది, ఆయన వింటేనా! వంతు రాగానే బల్ల మీద చతికిలబడ్డాడు. "చూడండి, ఏముందిక్కడ? నీళ్ళు!" అన్నాడు మా అందరికేసి తిరిగి. మళ్ళీ మడుగుకేసి తిరిగి "నీళ్ళు" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. మూడో మాట వస్తుందని అందరం చూశాం, రాలేదు. చేతులు ఒళ్ళోకి జారాయి. తల మెల్లగా గుండెల మీదికి వాలింది. చిన్నగా గురక మొదలైంది.

వెనకున్నతను నవ్వుతూ భుజం తట్టబోయాడు. చిలకమ్మ గభాలున ఆ చెయ్యి పట్టుకుంది. "లేపకండి బాబూ, మీకు పుణ్యముంటుంది. మా మరిది పోయిన కాణ్ణించీ ఈయనకి కంటి మీద కునుకు లేదు. తమ్ముణ్ణి చేతులమీద పెంచాడండీ. పడుకోమంటే లేచెళ్ళి మర తిప్పుకుంటాడు. ఈయన నిద్ర చూసి ఎన్నాళ్ళయిందో బాబూ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకున్నతను చెయ్యి దించేసుకున్నాడు. తన వెనకవాళ్ళతో "పడుకున్నాడు, మాట్లాడకండి" అన్నాడు. వాళ్ళు తమ వెనకవాళ్ళతో ఇంకొంచెం మెల్లగా అన్నారు. ఆ మాట అలా అలా చిన్నదవుతూ వెదురు మలుపు దాటి పోయింది. అది వెళ్ళినంత మేరా జనం నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే గడ్డి మీద కూర్చున్నారు. వరస తప్పలేదు, ఒక్కరూ లేచి వెళ్ళలేదు. రథం వాళ్ళూ మడుగు వాళ్ళూ పక్కపక్కనే కూర్చున్నారు. చంటిపిల్ల కూడా తల్లి భుజం మీద తలవాల్చేసింది. మోటారు జలపాతం, సూరిబాబు గురక, అంతే వినబడుతున్నాయి. ఆవిరి నీళ్ళ మీంచి జరిగి గడ్డి మీదికి వచ్చింది, అందులో అందరూ నడుముల దాకా మునిగి కలలో మనుషుల్లా కనిపించారు.

మేనేజరు దివాకరం ఈ జనమేమిటో చూద్దామని వచ్చాడు. ఆయన చేతిలో వైర్‌లెస్ సెట్టు బరబరమంటోంది. "ష్!" అన్నారు లైనంతా ఒక్కసారిగా. ఆయన కంగారుపడి దాన్ని కట్టేశాడు. బల్లకేసి చూశాడు, లైనుకేసి చూశాడు, ఏదో అడగబోయి మానుకున్నాడు. చివరికి నీలవేణి దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు. "జనం రారని ఇక ఎవరంటారు మేడం, నా కళ్ళతో చూశానుగా. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను, మడుగు జోలికి రాం. కాకపోతే లైనుకి కమ్మీలు వేయించాలి. రేపట్నుంచి అందరూ వస్తారిక." మడుగు వాళ్ళు అరవలేక చేతులు గాల్లోకి ఎత్తి ఊపారు. చిత్రమేమిటంటే రథం వాళ్ళలోనూ ఒకరిద్దరు ఊపారు.

నీలవేణి ఊపలేదు. వెదురు కింద నిలబడ్డ గురువుగారి దగ్గరికి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, ఒక్క చుక్క జారనివ్వడం లేదు. "మడుగు దక్కింది గురువుగారూ" అంది. "వెనకాల ఇంతమందిని పెట్టుకుని, నేనక్కడ కూర్చుని ఏడవగలనా?"

గురువుగారు బల్లకేసి చూశారు. సూరిబాబు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆయన వెనక వరసంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంది.

"అతను నిద్రపోగలిగాడు కదమ్మా" అన్నారు.