తల్లి పేనిన తాడు: పరంజాతల్లి నోము కథ

నోము పట్టినవారును, ఇంటివారును, వారితో పనికి వెళ్ళువారును దగ్గరగా కూర్చుండవలెను. పనికి పోయి ఇంకను రానివారున్నచో, వారు వచ్చి కాళ్ళు కడుగుకొనువరకు కథ మొదలుపెట్టరాదు. అందరును వచ్చిన పిదప అక్షతలు చేత పట్టుకొని వినుడు.

పూర్వము వింధ్యపర్వతపు పాదమున తపస్సు చేసికొనుచున్న స్థిరశీలుడను మునిని దారుకేశుడను ముని దర్శించి, ఒరుల ఇండ్లు కట్టుటకు ఎత్తున నిలుచువారిని తలచుకొన్న తనకు దిగులగుచున్నదనియు, ఉదయము గడప దాటిన మనిషి సాయంకాలము తన కాళ్ళపై నడిచి ఇల్లు చేరుటకు ఏ నోము కలదో చెప్పుమనియు అడిగెను. స్థిరశీలుడు ఇట్లు చెప్పసాగెను.

నాగావళీ తీరమున రేవులవలస అను ఊరు కలదు. అందు గోడలు కట్టువారి వాడ యొకటి ఉండెను. ఆ వాడకు పెద్ద ఎర్రయ్యమ్మ. భర్త చిన్నవయసుననే పోగా, కొబ్బరిపీచు తాళ్ళు పేని కొడుకు అప్పలసూరిని పెంచెను. గోడ ఎత్తు లేచునపుడు పనివారు నిలుచుటకు సరుగుడు బొంగులు నాటి, అడ్డబొంగులు కట్టి, పైన పలకలు పరతురు. దానినే పరంజా అందురు. ఆ కట్లన్నియు ఎర్రయ్యమ్మ తాళ్ళతోనే. ఆమెది ఎడమచేతి వాటము. కావున అందరి తాళ్ళు ఒక వైపు మెలి తిరిగిన, ఆమె తాడు రెండవ వైపు తిరుగును. కన్నులు మూసికొని తడిమినను ఎర్రయ్యమ్మ తాడు తెలిసిపోవును.

ఆమె ఉన్న దినములు వేరు. తెల్లవారగనే నీళ్ళకుండతో వచ్చి, ప్రతి కట్టును తడిపి, రెండు చేతులతో పట్టి లాగి చూచెడిది. ఆమె లాగనిదే ఎవరును ఎక్కెడివారు కారు. ఆలస్యమగుచున్నదని ఎవడైన గొణిగిన, "రేపు నీ పెళ్ళాం నన్ను తిట్టే కంటే ఇయ్యాల నువ్వు తిట్టడమే నయం. తిట్టుకో, కూకో" అనెడిది. అందరును నవ్వెడివారు. ఎక్కువారి తలకు మందముగ పాగా చుట్టించి, నడుమునకు వేరొక తాడు కట్టి, దాని కొనను గోడలోని దూలమునకు ముడి వేయించెడిది. వారు ఎక్కుచుండగ తల యెత్తి నిలిచి, చివరివాని పాదము పలక మీద ఆనువరకు కదలెడిది కాదు.

ఏటేట వానలు వెనుదీసిన పిదప వచ్చు తొలి గురువారము, పరంజాను కాచు దేవతయగు పరంజాతల్లికి నోము. ఆనాడు ఏడాది బరువు మోసిన తాళ్ళన్నింటిని విప్పి, పసుపు రాసి, పెరుగన్నము నివేదించి, కత్తితో మూరెడు ముక్కలుగ కోసి నదిలో విడిచెడివారు. కోయక విడిచినచో, దిగువ ఊరివారు ఏరుకొని మరల కట్టుకొందురని ఎర్రయ్యమ్మ భయము. దీనినే తాడును సాగనంపుట అనెడివారు. పొలిమేర వరకు చుట్టములను పంపివచ్చినట్లు, నీరు ఆ ముక్కలను తీసికొనిపోవువరకు అందరును ఒడ్డున నిలిచెడివారు.

ఒక ఏట ఎర్రయ్యమ్మ మూడు దినముల జ్వరముతో పోయెను. ఆమె చివరిగ పేనిన తాడుచుట్ట యొకటి ఇంటి దూలమునకు వ్రేలాడుచు మిగిలెను. అప్పుడు ఆ ఊరి ప్రభువు యాత్రికులకు రెండంతస్తుల సత్రము కట్టించుచుండెను. మేస్త్రీయైన అప్పలసూరి ఆ చుట్ట దించి, దానితోనే పరంజా కట్టెను.

నోము గురువారము వచ్చెను. పాత తాళ్ళన్నియు కోసిరి. తల్లి తాడు దగ్గరకు వచ్చునప్పటికి అప్పలసూరి కత్తి క్రింద పెట్టెను. ఇదియును కోయవలెను గదా అని భార్య గవరమ్మ గుర్తు చేసెను.

"అమ్మనొకసారి సాగనంపేను. మళ్ళీ నా సేత్తోనే కొయ్యమంతావేటే?" అని అతడనెను.

అతడు ఆ తాటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మ్రొక్కి, తిరిగి పరంజాకే కట్టెను. పూజ అందుకొన్నది కావున మరింత గట్టిదని పనివారు నమ్మిరి. నాటినుండి ఆ కట్లను తడుపుటకును, లాగి చూచుటకును ఎవరికిని చేయి రాలేదు. బొట్టు పెట్టి మ్రొక్కినదానిని పట్టి లాగుటెట్లని జంకిరి. నడుముతాళ్ళు కూడ క్రమముగ మూలబడెను.

వేసవిలో ఒక కట్టు జారి, సిమ్మయ్య అను కూలి క్రింద పడెను. తోటివారు ప్రేమకొలది పరుగున వచ్చి, చంకలలో చేతులు వేసి లేపి కూర్చుండబెట్టిరి, నోట నీరు పోసిరి, నడుము మర్దించిరి, భుజములకెత్తుకొని పరుగెత్తిరి. పడినప్పుడు కాళ్ళు కదలించినవాడు ఇల్లు చేరునప్పటికి కదలింపలేకపోయెను. అతని భార్య బండి కట్టించుకొని పుట్టినూరికి తీసికొనిపోయెను. బండి మలుపు తిరుగువరకు సిమ్మయ్య సత్రము వైపే చూచెను. పలక పుచ్చినదని అందరును అనిరి. తాడని ఎవరును అనలేదు.

మరుసటి ఏటి నోమునను అప్పలసూరి ఆ తాడు కోయలేదు. భయపడిన పనివారు ఒక్కొక్కరే ఊరు విడిచిరి. సందడిగ నుండిన వాడలో పొయ్యిలు చల్లబడెను. మిగిలినవారిలో గవరమ్మ తమ్ముడు తవుడు ఒకడు. తల్లి లేని అతనిని ఆమెయే పెంచెను.

అంతట పరంజాతల్లి జాలిపడి, ముసలి రూపు దాల్చి, మేకపిల్లనొకదానిని చంకనిడుకొని సత్రము దగ్గరకు వచ్చెను. పసుపు రాసిన కట్టును వ్రేలితో మీటి, మేకను కట్టుకొందును, ఈ తాడిమ్మని అడిగెను.

"ఇది మాయమ్మ పేనింది, ముసలమ్మా. మేకలకి కట్టీది కాదు" అని అప్పలసూరి చెప్పెను.

"మేకకైతే తెగినా పారిపోద్ది, అంతేరా. దీని మీద మనుసుల్ని నిలబెట్టేవు. మీయమ్మైతే నిలబెట్టునా?" అని ఆమె అడిగెను.

అతడు ముఖము తిప్పుకొనెను. ఆ మధ్యాహ్నమే తవుడు సున్నపుతట్టతో ఎక్కుచుండగ ఆ కట్టు తెగెను. అతడు పైనుండి పడి, తొడ విరిగి, రక్తము కారుచు ఇసుకలో వెల్లకిల పడియుండెను. అందరును లేపుటకు ఉరికిరి. గంజి తెచ్చిన గవరమ్మ కుండ విడిచి పరుగెత్తెను. అప్పుడా ముసలమ్మ చేతికర్ర అడ్డము పెట్టి, ఎవరును లేపరాదని గట్టిగ పలికెను.

ఆమె చెప్పినట్లు ఒకడు తవుడు తల కదలకుండ రెండు చేతుల మధ్య పట్టుకొనెను. గవరమ్మ ఉతికిన చీరకొంగు మడిచి, రక్తము కారుచోట అదిమి పట్టెను. విరిగిన కాలును చక్కదిద్దక, ఉన్నది ఉన్నట్లే రెండు వెదురుబద్దల నడుమ మెత్తని గుడ్డలు పెట్టి కట్టిరి. పిదప నలుగురు ఒక్కమారుగ, తలయు నడుమును మెలిపడకుండ అతనిని ప్రక్కకు పొరలించి, క్రిందికి వెడల్పు పలక జరిపిరి.

"అక్కా, గొంతెండిపోతంది. రవ్వంత నీళ్ళియ్యవే" అని తవుడు అడిగెను.

ఇప్పుడు నోట ఏదియు పోయరాదని ముసలమ్మ తల ఊపెను. అంతవరకు గవరమ్మ అతనికి ఏదియు లేదనలేదు.

"ఇవ్వన్రా. తిట్టుకో. నన్ను ఎంతైనా తిట్టుకో" అని చెప్పుచు, అదిమిన చేయి తీయకుండెను.

పలకతోనే మెల్లగ వైద్యుని యింటికి మోసిరి. వైద్యుడు చూచి, కూర్చుండబెట్టియున్నచో ఇతడును సిమ్మయ్య దారినే పోయెడివాడనియు, కాలు నిలుచునో లేదో నాలుగు నెలలకు గాని చెప్పలేననియు పలికెను. అప్పలసూరి తిరిగి వచ్చి ముసలమ్మ కాళ్ళపై పడెను. ఆమె తన నిజరూపము చూపి, నీ తల్లిని నేను మరువలేదు, ఆమె చేసిన పనిని నీవు మరచితివి, తాడును సాగనంపుమని చెప్పి అదృశ్యమయ్యెను.

అతడు తల్లి తాడు విప్పి కత్తి పెట్టెను. పైకి పసుపుపచ్చగ నున్న ముడి లోపల పొడియై రాలెను. ఆ పొడిని అరచేతిలో పట్టుకొని చాలసేపు కూర్చుండెను. పిదప తాడంతయు మూరెడు ముక్కలుగ కోసి నదిలో విడిచి, అవి కనుమరుగగువరకు నిలిచెను.

మరునాడు కొత్త పీచు నానబెట్టి తానే పేన మొదలుపెట్టెను. అతనిది కుడిచేతి వాటము. ఐనను చిన్ననాడు తల్లి యెదుట కూర్చుండి చూచి నేర్చినందున, చేతులు ఆమె తీరుననే సాగెను. మూరెడు పేనిన పిదప గవరమ్మ ఆ మెలిని వ్రేళ్ళతో తడిమి, "అత్త తాడే" అనెను.

సిమ్మయ్యకు బండి పంపి పిలిపించిరి. అతని కాళ్ళు రాలేదు. కాని చేతులు గట్టివి. నాటినుండి నీళ్ళకుండతో పరంజా పాదము దగ్గర అతడే కూర్చుండెను. అతడు కూర్చున్నచోటి నుండి క్రింది కట్లు లాగి, పై కట్లు తన కన్నుల యెదుట లాగించి, సరే అననిదే మేస్త్రీయు ఎక్కలేదు. వెళ్ళినవారు ఈ సంగతి విని ఒక్కొక్కరే తిరిగి వచ్చిరి. సత్రము పూర్తయ్యెను. పొయ్యిలు వెలిగెను. మరుసటి నోమునాడు తవుడు చేతికర్ర ఆనుకొని, తన కాళ్ళపై నడిచి నది ఒడ్డుకు వచ్చెను.

ఈ కథ చెప్పి స్థిరశీలుడు కన్నులు తుడుచుకొనెను. కావున మేస్త్రీలును, తాపీ పట్టువారును, తట్ట మోయువారును, ఇనుము కట్టువారును, రంగులు వేయువారును, అందరికంటె ముందుగ ఇల్లు కట్టించుకొనువారును ఈ నోము పట్టవలెను. రోజును ఎక్కకముందు కట్లు చూడవలెను. తలకు గట్టి టోపీ, నడుమునకు తాడు లేనివానిని తమ్ముడైనను ఎక్కనీయరాదు. పాతబడినది ఎవరు ఇచ్చినదైనను సాగనంపవలెను. పడినవానిని లేపక, తల కదలనీయక, రక్తమును అదిమి, అంబులెన్సు వచ్చువరకు ప్రక్కన కూర్చుండి మాటలాడుచుండవలెను. ఇట్లు చేసినవారి ఇండ్ల అన్నము చల్లారకముందే తినువారు వత్తురు. వారి వాకిళ్ళలో ఉదయము వెళ్ళిన చెప్పులన్నియు సాయంకాలము తిరిగి చేరును.

ఇప్పుడు చేతిలోని అక్షతలు సగము పరంజాతల్లి పటము మీద వేయుడు. మిగిలిన సగము రేపు ఎక్కబోవువారి పాదముల మీద వేసి, కన్నుల కద్దుకొనుడు.