పులిగాడి పండుగ చొక్కా

ఒకప్పుడు కుక్కకు నిద్రొస్తే ఉన్నచోటే దబ్బున పడిపోయేది. ఇప్పటిలా గుండ్రంగా తిరిగి, నేల వాసన చూసి, ఆలోచించి పడుకోవడం దానికి తెలియనే తెలియదు. ఆ తిరుగుడు ఎలా వచ్చిందో చెబుతాను వినండి. ఈ కథలో మనుషుల తెలివి కూడా కొంచెం ఉంది. దాని మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఆ రోజుల్లో ఒక గుట్ట కింద బీరయ్య, సిద్దవ్వ అనే మొగుడూ పెళ్ళాలకు గొర్రెల మంద ఉండేది. మందకు కాపలా పులిగాడు అనే కుక్క. పేరు పెద్దదే కానీ పులిగాడు అంత పెద్దవాడేమీ కాదు. అయితే తోడేలు కనబడగానే వాడి మెడమీద, వీపుమీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. అప్పుడు వాడు ఉన్నదానికి రెండింతలు కనిపించేవాడు. గుట్టమీది తోడేలు అది చూసి, దూరం నుంచే తోక ముడిచి వెళ్ళిపోయేది. ఒక్కసారి కూడా దగ్గరికొచ్చి కొట్లాడింది లేదు.

చలి మొదలయ్యాక అక్కడ మంద పండుగ చేసేవారు. ఆ రోజు గొర్రెలకు స్నానం చేయించి, పసుపు పూసి, మెడలో గంటలు కట్టి, డప్పులతో ఊరంతా తిప్పేవారు. కుక్కకు ఎవరూ ఏమీ కట్టేవారు కాదు. కుక్క కూడా ఏమీ అడిగేది కాదు.

ఆ ఏడు సిద్దవ్వకు కుక్క మీద జాలి పుట్టింది. సిద్దవ్వది మంచి మనసే. దాన్ని ఎక్కడ వాడాలో తెలియదు, అంతే.

"గొర్లకు గిన్ని సోకులు జేస్తున్నం. మన పులిగానికి ఏం లేకపాయె," అంది మొగుడితో. "పండుగకు వానికో ఉన్ని అంగి అల్లిపిద్దాం. వెచ్చగుంటది. జూడనీకి గూడ సక్కగుంటది."

"వానికి పుట్టుకతోనే అంగి ఉన్నది గదనే," అన్నాడు బీరయ్య.

"అది పాతది," అంది సిద్దవ్వ.

బీరయ్య మంద దగ్గరికి వెళ్ళిపోయాడు. తెలివైన మాట ఒకటి అనేసి, ఇక తన పని అయిపోయిందనుకోవడం అతని అలవాటు.

ఆ కాలంలో అల్లిక పని అంటే గిజిగాడిదే. ఈతచెట్టుకు వేలాడే గూడే దాని దుకాణం. మీరిప్పుడు స్వెట్టర్ అంటారే, అలాంటివి అల్లిపెట్టేది. మహా పొగరుబోతు పిట్ట. మొదటి నుంచి చివరిదాకా ఒకే దారంతో, మధ్యలో ముడి లేకుండా అల్లుతానని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకునేది.

సిద్దవ్వ పులిగాణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. అటుగా మేస్తున్న చుక్క అనే ముసలి గొర్రె కూడా, ఈమధ్యే ఈనిన తన పిల్లతో వెనకాలే వచ్చింది.

గిజిగాడు ముందుగా ఒక పొట్టి చొక్కా తీసింది. "సిద్దక్కా, ఇది వీపు మీదనే ఉంటది. మెడకు అడ్డం రాదు, కాళ్ళకు అడ్డం రాదు. మంచిగ ఉరుకొచ్చు," అంది.

సిద్దవ్వ మూతి తిప్పింది. "గిది మామూలు దినాలకు. పండుగ కళ యాడుంది దీంట్ల?"

గిజిగాడు పసుపు రంగుది తీసింది. "గొర్లకు గూడ పసుపే పూస్తం. వీనికీ వాటికీ తేడా ఏం తెలుస్తది?" అంది సిద్దవ్వ.

అప్పుడు గిజిగాడు ఇంకొకటి పరిచింది. మోదుగపూల ఎరుపు. చెవులదాకా లేచిన మెడపట్టీ. నాలుగు కాళ్ళకూ నాలుగు పొడుగు చేతులు. అంచంతా కుచ్చులు. చాలదన్నట్టు వీపుమీద సున్నంతో వేసిన గొర్రె బొమ్మ. అంతకన్నా వికారమైన చొక్కా లోకంలో అప్పటికింకా పుట్టలేదు.

సిద్దవ్వ కళ్ళు మెరిశాయి. "గిదే," అంది.

తప్పంతా సిద్దవ్వదే అనలేం. పులిగాడు కూడా ఆ చొక్కా చుట్టూ తిరిగి చూసి ఉబ్బిపోయాడు. "ఎనక నుంచి గూడ మంచిగ కనబడత కదా?" అని పిట్టను అడిగాడు.

చుక్క మేత ఆపి తలెత్తింది. "తమ్మీ, గా మెడపట్టీ గంత ఎత్తున్నది. నీ వెంట్రుకలు నిక్కితే ఎవనికి కనబడతయి? గా కుచ్చులతోని ఎట్ల ఉరుకుతవు?"

"నువ్వు గొర్రెవు," అన్నాడు పులిగాడు. "ముందల ఏది బోతె దాని ఎనక బోతవు. సోకు గురించి నీకేం ఎరుక?"

గిజిగాడు కిచకిచ నవ్వింది. నవ్వాక చుక్క వీపు వైపు చూసి, "సరిగ్గ వాని కొలతకు అల్లాలంటే మెత్తటి ఉన్ని కావాలె. గీ గొర్రెది బాగున్నది," అంది.

చలిలో గొర్రె ఉన్ని కత్తిరించకూడదని మంద కాసేవాళ్ళందరికీ తెలుసు. సిద్దవ్వకూ తెలుసు. తెలిసే కత్తెర తీసింది.

"ఒక్కదానిదే కదా. మళ్ళ మొలుస్తది," అంది. గిజిగాడు ఆ ఉన్నికి ఎర్రరంగు అద్ది, ఒకే దారంగా వడికి చొక్కా అల్లింది.

చుక్క బోడి ఒంటితో గజగజ వణికింది. పాలు తాగి అమ్మ పక్కలో దూరిన పిల్లకు ఆనుకోవడానికి వెచ్చటి ఉన్ని దొరకలేదు. కుక్కకు ఏనాడూ చలి వేయలేదు. అయినా కుక్కకు చలి వేయకూడదని గొర్రెను చలిలో పెట్టారు. ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు.

పండుగ రోజు పులిగాడు ఎర్రచొక్కా తొడుక్కుని మంద ముందు నడిచాడు. "అబ్బ, ఎంత ముద్దుగున్నడో," అన్నారు ఊళ్ళో అందరూ. నడుస్తుంటే కుచ్చులు కాళ్ళకు అడ్డం పడ్డాయి. చెవి దురద పుడితే గోక్కోలేకపోయాడు. గోక్కోలేకపోవడం గొప్పవాళ్ళ లక్షణం కాబోలు అనుకున్నాడు.

పొద్దు గుంకింది. గొర్రెలను ముళ్ళకంప దొడ్డిలోకి తోలి, మనుషులు డప్పుల దగ్గరికి, బువ్వ దగ్గరికి వెళ్ళిపోయారు. చలికి ఆగలేక చుక్క పిల్ల కంప సందులోంచి బయటికి దూరింది. పగలంతా ఎండకు కాగిన బండ ఒకటి కనిపిస్తే, దానిమీద ముడుచుకుని పడుకుంది.

గుట్టమీది నుంచి తోడేలు దిగివచ్చింది.

పులిగాడు చూశాడు. కంపను రాసుకుంటూ, కుచ్చులకు తట్టుకుంటూ పరిగెత్తి, తోడేలుకూ పిల్లకూ మధ్య నిలబడి గుర్రుమన్నాడు. మెడమీద వెంట్రుకలు ఎప్పటిలాగే నిక్కబొడుచుకున్నాయి. కానీ అవి చొక్కా లోపల ఉన్నాయి. బయటికి ఏమీ కనబడలేదు.

తోడేలు ఆగింది. పైనుంచి కిందిదాకా చూసింది. గాలి పీల్చింది. గొర్రె వాసన వచ్చింది. కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇన్నేండ్లు నిన్ను జూసే భయపడ్డనా? నువ్వు గొర్రెవేనా?" అంది. "పైగా మీద బొమ్మ గూడ ఏసిన్రు, నాకు ఎరుక గాదేమో అని. సరే. ముందుగాల పిల్లను తింట. తర్వాత నిన్ను. కుచ్చులొక్కటే పండ్లల్ల ఇరుకుతయేమో."

పులిగాడు మీదికి దూకబోయాడు. కాళ్ళు మెలికపడి బొక్కబోర్లా పడ్డాడు. తోడేలు వాణ్ణి దాటుకుని తీరిగ్గా బండ వైపు నడిచింది. రెండూ గొర్రెలే కదా, తొందరేముంది అనుకుంది. పులిగాడు పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుపడింది లేదు. తన వల్ల పిల్ల చచ్చిపోతుందని ఏడుపొచ్చింది.

అప్పటికే పిల్లను వెతుక్కుంటూ చుక్క కంపను తోసుకుని దొడ్డి బయటికొచ్చింది. పులిగాడి చొక్కా కంపకు తగిలినప్పుడు తోక దగ్గర దారం కొస ఒకటి ఊడి వేలాడుతోంది. అది తన ఉన్నే. చుక్క ఆ కొసను పళ్ళతో గట్టిగా పట్టుకుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడింది.

"తిరుగు," అంది పళ్ళ సందులోంచి.

"ఏంది?"

"గుండ్రంగ తిరుగు. సోకుగాడివి, గొర్రె మాట ఒక్కసారి ఇను."

పులిగాడు తిరిగాడు. కళ్ళు బైర్లు కమ్మేదాకా తిరిగాడు. చొక్కా తోక వైపు నుంచి సర్రున ఊడుతూ వచ్చింది. కుచ్చులు పోయాయి. కాళ్ళ చేతులు పోయాయి. వీపుమీది బొమ్మ గొర్రె కాళ్ళు పోయి, పొట్ట పోయి, చివరికి తల కూడా పోయింది. గిజిగాడి గొప్పలు నిజమే. ఒకే దారం, ఎక్కడా ముడి లేదు. ఆఖరికి మెడపట్టీ కూడా ఊడిపోయింది.

వెంట్రుకలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పులిగాడు గుర్రుమన్నాడు.

పిల్ల మీదికి వంగిన తోడేలు వెనక్కి తిరిగింది. గొర్రె ఉండాల్సిన చోట పులిగాడు రెండింతలై నిలబడి ఉన్నాడు. తోడేలు మరి నవ్వలేదు. నోరు మూసుకుని గుట్ట ఎక్కేసింది.

నేలమీద ఎర్రదారం కుప్పగా, గుండ్రంగా పడి ఉంది. పిల్ల వచ్చి అందులో దూరింది. అమ్మ ఉన్ని కదా, వెంటనే నిద్రపోయింది. అలసిపోయిన పులిగాడు దాని పక్కన దబ్బున పడబోయాడు.

"ఆగు," అంది చుక్క. "ముందుగాల తిరుగు."

"మళ్ళెందుకు? ఊడిపాయె గద."

"గీ మనుషులు మంచోళ్ళు. గదే భయం. నువ్వు ఆదమరిచినప్పుడు ఏం తొడిగిపోతరో ఎవనికెరుక? తిరిగి సూసుకో. దారముంటే ఊడుతది. లేకుంటే పండుకో."

ఇంతలో సిద్దవ్వ దీపం పట్టుకుని వచ్చింది. దారం కుప్పను చూసి గుండెలు బాదుకుంది. తోడేలు అడుగులు పక్కనే ఉన్నా వాటిని చూడలేదు.

"ఎంత సక్కటి అంగి, పాడు జేసుకున్నడు," అంది. "కానీయ్. వచ్చే పండుగకు ఇంకింత గట్టిగ అల్లిపిస్త."

పులిగాడు ఆ మాట విన్నాడు. లేచి గుండ్రంగా తిరిగాడు.

అప్పటినుంచే కుక్క పడుకునే ముందు చుట్టూ తిరుగుతుంది. గోనెసంచైనా, ఇసుకైనా, మీ ఇంట్లో మెత్తటి పరుపైనా సరే, ఒంటిమీద దారం లేదని నమ్మకం కుదిరాకే ఒరుగుతుంది. ఇప్పటికీ పండక్కి ఎవరైనా దానికి చొక్కా తొడిగితే కొయ్యలా నిలబడిపోయి, ఆ ఇంట్లో ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తుంది. ముద్దుగా ఉందని వాళ్ళు మురిసిపోతారు. పాపం, అది వాళ్ళలో గొర్రెకున్నంత తెలివైనా ఎవరికైనా ఉందేమోనని వెతుకుతూ ఉంటుంది.