శాలువల బరువు

రాజుగారి బగ్గీ వెనకభాగం మళ్లీ కుంగింది. దాని బరువు మోసే కమాను పట్టీలను కొలిమిలో కాల్చి, వంపు తెచ్చి, ఇప్పటికి మూడుసార్లు పైకెత్తినవాడు కమ్మరి వీరభద్రాచారి. ఆ బగ్గీలో రోజూ ఇంటికెళ్లేది దివాన్ రామరాయలు.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ దివాన్ కోట వాకిట్లోనే, రాజుగారి ఎదుట ఆచారిని చూపిస్తూ అరిచాడు. "వీడు పుచ్చు ఇనుము వేశాడు ప్రభూ! వీడి కొలిమి పీకించండి!"

ఆచారికి ఒళ్లు మండిపోయింది. తాతలనాటి కొలిమి అది! పళ్లు కొరుకుతూ బగ్గీ చుట్టూ తిరిగాడు. ఇంకా ఎవరూ ఎక్కనేలేదు, అయినా కుంగే ఉంది. సీటు వెనక తాళం వేసిన పెట్టె కనబడింది.

"అందులో ఏముంది బాబయ్యా?"

"నా శాలువలు. ముట్టుకున్నావో, చెయ్యి నరికిస్తా!"

"నేనెందుకు ముట్టుకుంటాను? భటులే దించి తమరి ఒళ్లో పెడతారు. శాలువలే కదా!"

దివాన్ నాలుగడుగులు వెనక్కి గెంతాడు. రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"దించండి!"

నలుగురు భటులు మూలుగుతూ దించారు. బగ్గీ జానెడు పైకి లేచింది. మూత పగలగొడితే, కోట వంటశాలలో మాయమవుతున్న రాగి గుండిగలు!

"మూడుసార్లు పొరపడ్డాను ప్రభూ," అన్నాడు ఆచారి, "కాల్చి వాత పెట్టాల్సింది కమానుకు కాదు!"